విశ్లేషణలో ‘అన్నాడా’, ‘అంటాడా’?

సందేహం: పదో తరగతి చదివే మా అమ్మాయి ఒక పద్యాన్ని విశ్లేషిస్తూ పేరా రాస్తే ‘ఇది తాత్పర్యమే’ అని మార్కులు తగ్గించారు. రెంటికీ తేడా ఏమిటి? ‘కవి అన్నాడు’ అని రాయాలా, ‘అంటాడు’ అనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: క్రియ సంగతి ముందు చూద్దాం. కవి జీవితానికీ, ముద్రణ వివరాలకూ భూతకాలం వాడాలి: ‘కన్యాశుల్కం 1897లో అచ్చయింది’. రచన లోపలి మాటకు తద్ధర్మం, అంటే ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియారూపం: ‘గిరీశం అంటాడు’, ‘వేమన అంటాడు’. చదివిన ప్రతిసారీ ఆ మాట మళ్లీ వినబడేదే కాబట్టి తద్ధర్మం నప్పుతుంది. ప్రాచీన కవికి ఏకవచనం వాడితే అగౌరవం కాదు. ఒకే పేరాలో ‘అంటాడు’, ‘అన్నారు’ కలిపేయడం మాత్రం బాగుండదు.

ఇక అసలు చిక్కు. ఈ మూడు పాదాలు చూడండి:

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా

‘ఉప్పూ కర్పూరమూ ఒకేలా కనిపించినా రుచులు వేరు, మనుషుల్లో పుణ్యపురుషులూ అంతే’ అని రాస్తే అది తాత్పర్యం. పద్యం ఏమంటుందో అందులో వచ్చింది, ఎలా అంటుందో రాలేదు. ‘వేమన గొప్ప నీతి చెప్పాడు’ అని మొదలుపెడితే పేరా అక్కడే ఆగిపోతుంది, కాదనేవారు ఎవరూ ఉండరు గనక. మొదటి వాక్యం వాదించి నిలబెట్టుకోవలసిన మాట కావాలి. ఉదాహరణకు:

“మంచివాణ్ణి గుర్తించడం ఒక్క చూపుతో అయ్యే పని కాదంటాడు వేమన. మొదటి పాదంలో కంటికి రెండూ ఒకటే. రెండో పాదంలో ‘చూడ చూడ’ అని క్రియ రెండుసార్లు రావడంతో చూపు కాస్తా పరీక్షగా మారుతుంది. తెలుగులో రుచిని కూడా ‘చూస్తాం’. కన్ను తేల్చలేని చోట అదే క్రియ నాలుకకు పని అప్పగిస్తుంది. ఆ పాదం చివరి ‘వేరు’ మూడో పాదంలో ‘వేరయా’గా తిరిగొచ్చి, రుచి గురించిన మాటను మనిషి మీదికి తెస్తుంది.”

ఆరు వాక్యాలు; పద్యంలోంచి ఎత్తి చూపినవి నాలుగు మాటలు. పాదాలకు పాదాలు దించితే వివరణకు చోటు మిగలదు. ‘ఇది ఆటవెలది, చూడ–జాడ ప్రాసయతి’ అని రాయవచ్చు. కానీ ఆ రెండు మాటలూ చెవికి కలవడం వల్ల అర్థానికి ఏం ఒరిగిందో చెప్పకపోతే అది లక్షణం గుర్తుపట్టడమే అవుతుంది.

రాశాక మీ అమ్మాయిని ఒక పని చేయమనండి. ఉదహరించిన మాటల్ని వేలితో మూసి పేరా చదవాలి. అది వేరే ఏ నీతిపద్యానికైనా సరిపోతూ ఉంటే మళ్లీ రాయాలి. ‘ఈ పద్యం ద్వారా కవి తెలియజేస్తున్నాడు’ అన్నచోట ‘కవి అంటాడు’ చాలు. ‘నిరూపిస్తుంది’ బదులు ‘సూచిస్తుంది’, ‘స్ఫురింపజేస్తుంది’ వాడాలి. పద్యం సాక్ష్యాలు చూపి దేన్నీ రుజువు చేయదు.