ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో టీమ్ చిత్తుగా ఓడితే అభిమానులకు అంత కోపం ఎందుకు?

2011 జులై 30న జీలాంగ్ క్లబ్ చేతిలో మెల్‌బోర్న్ క్లబ్ 233–47తో ఓడింది. తేడా 186 పాయింట్లు! ఈ ఆటలో గోల్‌కి 6 పాయింట్లు, గురి కాస్త తప్పి పక్క స్తంభాల మధ్య పోతే 1. జీలాంగ్ వాళ్లు 37 గోల్స్ కొట్టారు, మెల్‌బోర్న్ వాళ్లు 7. ప్రతి గోల్ తర్వాతా బంతిని మధ్యకు తెచ్చి ఎగరేస్తారు. అక్కడా మళ్లీ వాళ్లకే చిక్కుతుంటే చూసేవాడికి ఒళ్లు మండదూ?

అభిమానులు ఓడినందుకు సర్దుకుంటారు గానీ, ఆటగాళ్లు బంతి వెంట పరుగెత్తడం మానేస్తే మాత్రం ఊరుకోరు. చాలామంది ఏడాది మెంబర్‌షిప్ కట్టినవాళ్లు. తాతల నుంచి వచ్చిన క్లబ్, ఇంటిపేరు లాగే దాన్నీ మార్చుకోలేరు. ఆ ఓటమి తర్వాత కోచ్ డీన్ బెయిలీ ఉద్యోగం పోయింది. 1964 తర్వాత మెల్‌బోర్న్ మళ్లీ కప్పు గెలిచింది 2021లోనే.