ఆదివారం ఖాళీగా ఉంటే ముందు చెరువు కాలువ వెంట నడవండి

తిరుపతిలో ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ, చుట్టుపక్కల నీళ్లూ అడవీ కాపాడే పనిలో ఓ చెయ్యి వేయాలనుంది, మొక్కలు నాటడంతో మొదలుపెట్టనా అని అడిగారు. మొక్కల జోలికి ఇప్పుడే పోవద్దంటాను.

మేమూ అట్లాగే మొదలుపెట్టాం. చంద్రగిరి మండలంలో మా అత్తగారి ఊరి చెరువు పక్కన ఆరుగురు స్నేహితులం 60 మొక్కలు నాటాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఏప్రిల్ నాటికి మిగిలినవి నాలుగు. కొన్ని మేకలు తిన్నాయి, మిగతావి ఎండిపోయాయి. చెరువు పక్కన మొక్క నీళ్లు లేక చచ్చిపోయిందంటే నవ్వొస్తుంది గానీ, అసలు చెరువులోనే నీళ్లు లేవు.

ఎందుకు లేవో చూపించింది ఆ ఊళ్లో ఒకప్పుడు నీరుగంటిగా, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషిగా, చేసిన పెద్దాయన. “చెట్లు పెట్టేది సరే నాయనా, నీళ్లొచ్చే దావ ఎప్పుడన్నా చూసినారా?” అంటూ కాలువ వెంట రెండు కిలోమీటర్లు నడిపించాడు. మన వైపు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు) పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్యలో చూస్తే కాలువ నిండా సర్కారు తుమ్మ, ఒకచోట ఎవరో కూల్చిన ఇంటి రాళ్లూ మట్టీ.

అప్పటినుంచి మా పని ఆ కాలువే. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి సెప్టెంబర్‌లోపు బాగు చేసుకోవాలి. మొదటి ఏడాది తుమ్మను పైకి నరికి వదిలేశాం. మరుసటి ఏడాది ప్రతి మొద్దుకూ గుత్తులుగా పిలకలు! వేళ్లతో సహా గడ్డపారతో పెకలించాల్సిందే. పూటంతా కష్టపడితే నలుగురికి నాలుగు మొదళ్లు వస్తాయి. తర్వాత చందాలు వేసుకుని ఒకరోజు జేసీబీ పెట్టాం.

అక్కడే దెబ్బ తిన్నాం. మట్టి అమ్ముకుంటున్నామని ఎవరో ఫిర్యాదు చేశారు, నెల రోజులు పని ఆగింది, ఈలోగా వానలు వచ్చేశాయి. తప్పు మాదే, చేతిలో కాగితం లేదు. చెరువు పంచాయతీ కింద ఉందో జలవనరుల శాఖ కింద ఉందో కనుక్కుని, వాళ్లను ముందే రాతపూర్వకంగా అడగండి. ఆయకట్టు (ఆ చెరువు కింద పారే పొలాల) రైతులు ఇద్దరు ముగ్గురు సంతకం పెడితే ఇంకా మంచిది.

కట్ట, తూము, మరవ మాత్రం ముట్టుకోవద్దు. మరవ మీద నాలుగు ఇసుక మూటలు వేస్తే ఇంకాస్త నీళ్లు నిలుస్తాయి కదా అని మాలో ఒకడన్నాడు. పెద్దాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నీళ్లు మోతాదు మించితే కట్టకే ముప్పు. 2021 నవంబర్ వానల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి, కింది ఊళ్లు ఖాళీ చేయించింది మీరూ చూసే ఉంటారు.

అడవి సంగతంటారా, శేషాచలంలోకి సొంతంగా వెళ్లడానికి లేదు. వేసవిలో ఎండు బోదగడ్డికి నిప్పు అంటుకుంటే ఆపడం ఎంత కష్టమో 2014లో తిరుమల దగ్గర తెలిసింది. ఆ పని మీద మనసుంటే అటవీ శాఖ వాళ్లను కలవండి, అందులో నాకు అనుభవం లేదు.

మా చెరువు నిండిందా అంటే, ఒకసారి మరవ పారింది. ఆ ఏడాది వానలూ గట్టిగానే పడ్డాయిలెండి, అంతా మా గొప్పేనని చెప్పుకోను. వచ్చే సెప్టెంబర్‌లో వస్తానంటే అడుగు మందంగా ఉన్న బూట్లు తెచ్చుకోండి. తుమ్మ ముల్లు చెప్పును దాటుకుని కాల్లో దిగుతుంది, నాకు రెండుసార్లు దిగింది.