ప్రకృతి ఏరుకుంటుందా, ఏరివేస్తుందా?

సందేహం: "దిగువ మడుగుల్లో శత్రువులు ఎక్కువ కాబట్టి గప్పీ చేపలు తమ మచ్చలు తగ్గించుకున్నాయి. ప్రకృతి వాటిని ఎన్నుకుంది" అని ఒక వ్యాసంలో చదివాను. ఈ వాక్యాలు సరైనవేనా? 'ప్రకృతి వరణం' (నాచురల్ సెలెక్షన్) అన్న మాటలో వరణమంటే ఎన్నికేనా?

సమాధానం: ఎన్నికే. వృ ధాతువుకు కోరి తీసుకోవడమని అర్థం. కోరుకోబడినవాడు వరుడు, కోరి పొందేది వరం. యజ్ఞానికి ఋత్విక్కులను ఏర్పరచుకోవడం ఋత్విగ్వరణం. 'ప్రాకారో వరణః సాలః' అని అమరం చెప్పే కోటగోడ అర్థంతో ఇక్కడ పనిలేదు.

వరణమనగానే నాకు శ్రీనాథుడి దమయంతి మనసులో మెదులుతుంది. ఎదుట అయిదుగురు నలులు. నలుగురు దేవతలు, ఒకడే మనిషి. ఎవరికి రెప్ప పడుతోంది, ఎవరి పాదం నేలను తాకుతోంది, ఎవరి దండ వాడింది అని ఒక్కొక్క గుర్తూ పట్టి చూసి, తను కోరినవాడి మెడలో మాల వేసింది. చూసే కన్ను, ఊగిసలాడే మనసు, చివరికో నిశ్చయం. ఈ మూడూ లేనిదే వరణం లేదు.

ఇక గప్పీల సంగతి. కరీబియన్ దీవి ట్రినిడాడ్ కొండవాగుల్లో జలపాతాలకు దిగువన వీటిని తినే పెద్ద చేపలుంటాయి, ఎగువకు అవి ఎక్కలేవు. దిగువన మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపించే మగచేప త్వరగా నోటపడుతుంది. మచ్చలు తక్కువున్నది మిగిలి, పిల్లలకు తండ్రి అవుతుంది. మచ్చలు వంశంలో దిగేవి కాబట్టి తరతరానికీ మచ్చలు తక్కువున్నవాటి పాలు పెరుగుతుంది. ఏ ఒక్క చేపా తన ఒంటిమీది మచ్చను చెరుపుకోలేదు! మారింది గుంపు.

అందుకే 'తగ్గించుకున్నాయి' నాకు మింగుడుపడదు. 'కొను' ఉన్నంత మాత్రాన తప్పని అనను. తలుపు మూసుకుంది, నిప్పు అంటుకుంది అంటాం, వాటికేమీ ఇచ్ఛ లేదు. కానీ 'తగ్గించు', 'మార్చు' చేసేవాణ్ణి అడిగే క్రియలు. వాటికి కొను చేరితే తనకోసం తానే చేసినట్టవుతుంది. సముద్రపు అడుగున పడుకునే బల్లపరుపు చేపలు కొన్ని ఇసుకను బట్టి నిమిషాల్లో రంగు మార్చుకుంటాయి. అక్కడ ఆ మాట అక్షరాలా ఒప్పు. ఒక చేప బతుకులో జరిగేదానికీ తరాల మీదుగా జరిగేదానికీ ఒకే క్రియ వాడేసి చేతులు దులుపుకోవడం ఈనాటి సైన్సు రాతల్లో పెరిగిపోయింది. ఇది భాషా దోషంతో ఆగదు, చదివే పిల్లవాడికి విషయమే తలకిందులుగా అందుతుంది.

1976లో కొన్ని గప్పీలను దిగువ నుంచి తీసుకెళ్లి, పెద్ద శత్రువులు లేని ఎగువ పాయలో వదిలారు. 11 ఏళ్ల తర్వాత చూస్తే వాటి సంతతి ఆలస్యంగా, పెద్ద ఒళ్లుతో ఈడుకొస్తోంది. తక్కువ పిల్లల్ని, పెద్ద పిల్లల్ని కంటోంది. ప్రయోగశాలలో ఒకేలా పెంచినా ఆ తేడా నిలిచింది. అంటే అది నీటి మహిమ కాదు, వంశంలో దిగినది. 'ఆలస్యంగా ఈడుకు రావడం నేర్చుకున్నాయి' అని దయచేసి రాయకండి.

తెలుగులో ఏరు ధాతువు చూడండి. కావలసినవి తీసుకుంటే ఏరుకోవడం, అక్కర్లేనివి తీసేస్తే ఏరివేయడం. వేటచేప చేసేది రెండోదానికే దగ్గర. అదీ అది బుద్ధిపూర్వకంగా చేసేది కాదు, ముందు కనిపించినదాన్ని తింటుంది. డార్విన్ వాడిన 'నాచురల్ సెలెక్షన్' అన్న మాటలో ఎంచేవాడొకడు ఉన్నట్టు ధ్వనిస్తోందని, విడిగా ఇదే సిద్ధాంతానికి చేరిన వాలెస్ 1866లో ఆయనకే ఉత్తరం రాశాడు. మీ సందేహం అంత పాతది, అంత పెద్దవాళ్లది.

చిత్రమేమంటే, అవే వాగుల్లో అసలైన వరణమూ ఉంది. ఆడ గప్పీలు చాలాచోట్ల నారింజ మచ్చలు బాగా ఉన్న మగవాటివైపే మొగ్గుతాయి. అక్కడ స్వయంవరమన్నా నేను కాదనను.

'ప్రకృతి వరణం' పాఠాల్లో స్థిరపడింది, మార్చమనను. 'ప్రకృతి ఎన్నుకుంది' అన్నది కవితలో అయితే సరే, వివరణలో వద్దంటాను. మీరు చదివిన వాక్యాన్ని నేనైతే "మచ్చలు తక్కువున్నవి ఎక్కువగా మిగలడంతో, తరతరానికీ గుంపులో మచ్చలు తగ్గాయి" అని రాస్తాను. కాస్త పొడుగే.