భీమిలిలో మంచి కాఫీ, నింపాదిగా తినే బ్రంచ్ ఎక్కడ దొరుకుతాయి? పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నదాన్ని చెబుతున్నా

డిసెంబరు ఆఖరి వారంలో హైదరాబాదు నుంచి అమ్మానాన్నలతో, ఏడేళ్ల పాపతో భీమిలి వస్తున్నామని, రెండు రోజులు ఉంటామని రాశారు. మంచి కాఫీ కావాలి, పదకొండింటప్పుడు తీరిగ్గా కూర్చుని బ్రంచ్, అంటే టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి చేసే చోటు కావాలి, నాన్నగారికి షుగరుంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగారు.

మాది తెనాలి వైపు. పెళ్లయి భీమిలి వచ్చి పద్నాలుగేళ్లయింది. చుట్టాలెవరొచ్చినా మొదట అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

పదకొండింటికి మీరు భీమిలి బజార్లో దిగితే టిఫిన్ల వాళ్లు గిన్నెలు తోముకుంటూ కనిపిస్తారు. ఇక్కడ టిఫిన్ చేసేది షికారుకొచ్చిన వాళ్ల కోసం కాదు. వేట నుంచి వచ్చినవాళ్లకి, చేపల గంపలతో బస్సెక్కేవాళ్లకి, విశాఖలో ఉద్యోగాలకి పోయేవాళ్లకి. అందుకే ఆరుకల్లా పొయ్యి వెలుగుతుంది, తొమ్మిది దాటితే పిండి అయిపోతుంది. నేను కొత్తలో ఆదివారం పూట తొమ్మిదిన్నరకి వెళ్తే బండి దగ్గరి ఆవిడ "ఇడ్లీలైపోనాయమ్మా, రేపు తొరగా రా" అని పంపేసింది. కాబట్టి రెండు రోజుల్లో ఒక్క రోజైనా అమ్మగారిని, నాన్నగారిని ఆరింటికల్లా లేపి తీసుకురండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, డిసెంబర్లో ఆరున్నర ప్రాంతంలో. అది చూసి ఏడింటికి బజార్లో ఉంటే అన్నీ వేడివేడిగా అందుతాయి.

ఏం తినాలంటే, గుడ్డ మీద వేసే ఇడ్లీ ఉన్న బండి వెతుక్కోండి. ఆవిరి పాత్ర మూత తీసి పళ్లేన్ని బోర్లించి, గుడ్డ వెనక గుప్పెడు నీళ్లు చిలకరిస్తారు. ఒక్క క్షణం ఆగి గుడ్డని కొసనుంచి లాగితే ఇడ్లీ చెక్కుచెదరకుండా ఊడొస్తుంది, అడుగున గుడ్డ నేత గళ్లు గళ్లుగా అచ్చుపడి ఉంటుంది. నూనె రాసిన రేకులో వేసినదానికి ఆ మెత్తదనం రాదు. పూరీ తింటే బొంబాయి చట్నీతో తినండి, శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉడికించి చేసేది. పాపకి అది నచ్చుతుంది. నాన్నగారికి మాత్రం పెసరట్టు చెప్పండి, ఉప్మా వద్దనండి. అల్లం చట్నీలో బెల్లం వేస్తారు గనక ఆయనకి కొబ్బరి చట్నీ పెట్టమనండి. కుర్చీలు అన్నిచోట్లా ఉండవు. మోకాళ్ల నొప్పులుంటే పొట్లం కట్టించుకుని లైట్‌హౌసు వైపు ఒడ్డుకి వెళ్లి కారులోనో, గట్టు మీదో కూర్చోండి. మా అత్తగారు ఇప్పటికీ అలాగే తింటారు.

ఇక కాఫీ. దీని గురించి నాకు పట్టింపెక్కువ.

మా అమ్మ మొదటిసారి తెనాలి నుంచి వచ్చినప్పుడు సముద్రం కనిపించే ఒక మంచి చోటుకి తీసుకెళ్లాను. మెనూలో ఫిల్టర్ కాఫీ అని ఉంది. ఇత్తడి గ్లాసు, డబరా, పైన తెల్లటి నురగ, చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. అమ్మ ఒక్క గుక్క తాగి ఏమీ అనకుండా గ్లాసు పక్కకి జరిపింది. లోపలికెళ్లి అడిగితే కుర్రాడు దాచకుండా చెప్పాడు, "ఫిల్టర్ లేదు మేడం, మిషన్లో పొడి కలిసే వస్తాది, పంచదార కూడా అందులోనే". మెనూలో ఒకటి రాసి గ్లాసులో ఇంకొకటి పోయడం నాకు చాలా కష్టమనిపించింది. షుగరున్న మనిషైతే తెలియకుండానే తాగేస్తారు కదా. అందుకని ఎక్కడైనా సరే కాఫీ ఆర్డరు చెప్పేముందు రెండు మాటలు అడగండి: డికాషన్ వేరేగా ఉందా, పంచదార ముందే కలిసి ఉందా. బజారు బండ్ల మీద టీ పంచదారతో కలిపే మరిగిస్తారు. కాఫీ మాత్రం గ్లాసుకింతని పొడి వేసి పాలు పోస్తారు గనక "చక్కెర వద్దు" అంటే వినే వీలుంది. అది చాలా చోట్ల ఇన్‌స్టంట్ పొడే. చెప్పి ఇచ్చే ఇన్‌స్టంట్ కాఫీతో నాకు ఏ పేచీ లేదు, పాలు చిక్కగా ఉంటే పొద్దున్నే బాగానే ఉంటుంది.

నిజమైన కాఫీ కావాలంటే నా సలహా, ఫిల్టర్ వెంట తెచ్చుకోండి. పొడి ఇక్కడ కొనండి. గిరిజన సహకార సంస్థ అమ్మే అరకు కాఫీ పొడి విశాఖలో వాళ్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఈ పొడే ఎందుకంటున్నానంటే, భీమిలిలో సముద్రంలో కలిసే గోస్తనీ నది పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల్లో ఆవు పొదుగులాంటి రాయి ఉంది, దాన్నుంచి కారే నీళ్లే ఈ నది అని అక్కడివాళ్లు చెబుతారు, పేరు అలాగే వచ్చిందంటారు. ఆ కొండల మీదే గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండిస్తారు, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దాని పేరుతో దుకాణమే ఉంది. కొండమీద మన నదీ, ఆ కాఫీ ఒకే చోట మొదలైతే నది చివర ఉన్న ఊళ్లో గ్లాసులోకి మాత్రం ఎక్కడిదో పొడి రావడం నాకు బాధగా ఉంటుంది. మీలాంటివాళ్లు ప్రతిచోటా "అరకు కాఫీ ఉందా?" అని అడిగితే తెప్పిస్తారు. బీచ్ రోడ్డులో ఒకరిద్దరు అలాగే మొదలుపెట్టారు.

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతం అన్నది చూడండి. చికోరీ ఎక్కువుంటే డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది, అలవాటైన నాలుకకి అదే రుచి అనిపిస్తుంది. చికోరీ లేని పొడిలోంచి నీళ్లు గబగబా దిగిపోయి డికాషన్ పలచనవుతుంది. అందుకని పొడి కాస్త ఎక్కువ వేసి, పైన బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకుండా రెండు విడతలుగా పోయండి. రాత్రి పడుకునేముందు పోసి పెడితే పొద్దున సూర్యోదయానికి ఫ్లాస్కులో పట్టుకెళ్లొచ్చు. గదిలో కెటిలుంటే చాలు, పాల ప్యాకెట్టు బజార్లో దొరుకుతుంది.

ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏం చేయాలనుకోకండి. గోస్తనీ కలిసే చోటు చూడండి, కానీ అక్కడ పాపని నీళ్లలోకి దించకండి. ఇసుక మేట చోటు మారుతూ ఉంటుంది, నీళ్లు లోపలికి లాగుతాయి. డచ్చివారి సమాధులు దగ్గర్లోనే. ఎర్రమట్టి దిబ్బలు ఎండ ముదరకముందే వెళ్లాలి. పావురాలకొండ ఎక్కడం పెద్దవాళ్లకి కష్టం.

ఇప్పుడు మీరడిగిన పదకొండింటి సంగతి. మీ ఇంట్లో చేప తింటే నా ఓటు భోజన హోటలుకే. చిన్నవే, పదకొండున్నర, పన్నెండుకి అన్నం దించుతారు. మెనూ అడక్కండి, "ఇయ్యాల ఏటి చేప?" (ఈరోజు ఏం చేప) అని అడగండి. పొద్దున ఒడ్డుకొచ్చింది ఏదైతే అదే బాగుంటుంది. నెత్తళ్లనే చిన్న చేపల వేపుడు ఉందంటే మాత్రం వదలొద్దు, ముల్లుతో సహా కరకరలాడుతుంది. పాపకి ముల్లు తక్కువుండే ముక్క వేపించండి. మీరు వచ్చేది డిసెంబర్లో గనక చింత లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో వచ్చేవాళ్లకి నేను ఇంత గట్టిగా చెప్పను.

చేప తినకపోతే, లేదా మీక్కావలసింది ఆమ్లెట్టు, శాండ్‌విచ్, పాన్‌కేకుల మాదిరి బ్రంచే అయితే, భీమిలి ఊళ్లో వెతకొద్దు. బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు వెళ్తే దారి పొడుగునా అలాంటివి ఉన్నాయి, కూర్చున్నంతసేపు సముద్రం కనిపిస్తుంది, ఎవరూ లేవమనరు. ఖరీదు ఎక్కువే, అది ఆ చూపుకీ, ఆ కూర్చోవడానికీ అనుకుంటే సరిపోతుంది. పెద్దవాళ్లతో నాలుగు మాటలు చెప్పుకోవడానికి అవి నాకూ ఇష్టమే. శని, ఆదివారాలు విశాఖ అంతా అటే వస్తుంది కాబట్టి మామూలు రోజు చూసుకోండి. కారు రోడ్డుకి అవతల ఆపాల్సి వస్తే పాప చెయ్యి వదలకండి, బండ్లు చాలా వేగంగా పోతాయి. కారు లేకపోతే విశాఖ రైల్వేస్టేషన్ నుంచి 900కె బస్సు అదే దారిలో వస్తుంది.

నేనైతే మొదటి రోజు బజారు టిఫిను, చేప భోజనం, రెండో రోజు ఆలస్యంగా లేచి బీచ్ రోడ్డు అని పెట్టుకుంటాను.

బండి దగ్గర ఇడ్లీ పెట్టగానే తిరగేసి పాపకి ఆ నేత గళ్లు చూపించండి. మా అమ్మాయి చిన్నప్పుడు అవి లెక్కపెడితేగానీ తినేది కాదు, బండి దగ్గరి ఆవిడ ఎంత రద్దీలోనైనా లెక్క పూర్తయ్యేదాకా చట్నీ వెయ్యకుండా గరిటె పట్టుకుని ఆగేది.