హెయిర్ డైలోని పీపీడీ క్యాన్సర్ కణాలను చంపిందంటే మాడుకు ఏమన్నట్టు?

పీపీడీ అనే డై మందు చర్మ క్యాన్సర్ కణాలను చంపిందని చదివారు, నెలకోసారి ప్యాకెట్ డై పెట్టే మీ నాయినకు అది మంచిదా చెడ్డదా అని అడిగారు. ఆ ప్రయోగం రెంటికీ జవాబు చెప్పదు.

పీపీడీ అంటే పారా ఫినిలీన్ డయమిన్. ల్యాబ్‌లో కణాలున్న ద్రవంలో పోస్తే అది ఊరికే ఉండదు. గాలి తగిలి గోధుమ రంగుకు తిరుగుతది, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతది. కాబట్టి పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేస్ అనే ఎంజైమ్ కలిపిన ఇంకో గిన్నె పక్కన పెట్టి చూడాలె. అందులో కణాలు బతికితే చంపింది పెరాక్సైడే. మామూలు చర్మ కణాలు కూడా అదే మోతాదుకు చస్తే అది ఉత్త విషం, క్యాన్సర్ మందు కాదు. ఈ రెండు పోలికలు లేని పేపర్‌కు నేను పెద్దగా విలువియ్యను.

మోతాదు సంగతి కూడా చూడండి. ల్యాబ్ గిన్నెలో పీపీడీ 100 మైక్రోమోలార్ (గాఢత కొలత) పోశారనుకుంటే, అది లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు. యూరప్‌లో తలకు పెట్టే కలిపిన డైలో పీపీడీకి అనుమతించే గరిష్ఠం 2 శాతం, అంటే లీటరుకు 20 గ్రాములు. వెయ్యి రెట్లకు పైనే! అయినా మాడు మీద పై పొర అడ్డముంటది, లోపలికి పోయేది బహు తక్కువ, అందులోనూ కొంత భాగాన్ని చర్మంలోని ఎంజైమ్ నిర్వీర్యం చేస్తది. గిన్నెలో కణాలకు ఆ అడ్డం లేదు, పైగా గంటల తరబడి నానుతయి.

మనుషుల మీద చూస్తే, అమెరికా నర్సులు 1,17,200 మందిని 36 ఏండ్లు గమనించిన అధ్యయనం 2020లో బీఎంజేలో వచ్చింది. పర్మనెంట్ డై వాడినోళ్లలో మెలనోమా అనే ప్రమాదకర చర్మ క్యాన్సర్ పెరగలేదు, బేసల్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ మాత్రం కొద్దిగా పెరిగింది. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, మన చర్మానికి నేరుగా అంటగట్టలేం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డై సొంత వాడకాన్ని క్యాన్సర్ తెస్తదో లేదో తేల్చలేని వర్గంలో పెట్టింది, సెలూన్ పనిని మాత్రం బహుశా క్యాన్సర్ కలిగించేదనే 2ఏ వర్గంలో. చేతులకు గ్లౌజు లేకుండ డై కలిపే నల్గొండ, మహబూబ్‌నగర్ సెలూన్ పోరగాళ్ల గురించి ఎక్కువ ఆలోచించాలె.

మీ నాయినకు అసలు ముప్పు అలర్జీ. నల్ల మెహందీ అని అమ్మేదాంట్లో కూడా చాలాసార్లు పీపీడీ ఉంటది, ఉత్త గోరింటాకు నలుపు రాదు. ప్యాకెట్ వెనక చదవండి. కలిపిన డై రూపాయి బిళ్లంత చెవి వెనక రాసి, కడిగినంక 48 గంటలు చూడండి. ఎండల్లో చెమట పట్టని పూట చేయండి. దురద, దద్దు వస్తే ఆ డై మళ్లీ ముట్టొద్దు. పుండున్న మాడుకు, కనుబొమ్మలకు అసలే వద్దు. ప్యాకెట్ మీదున్న నిమిషాలు దాటనియ్యకండి, మిగిలింది రేపటికి దాచొద్దు.

మాడు మీద మచ్చ పెరిగినా, రక్తం కారినా, నెల దాటినా మానకున్నా డై ఆపి నల్గొండ సర్కారు దవాఖాన చర్మ విభాగంలో చూపియ్యండి. రంగు పట్టిన చర్మం మీద మచ్చ అంచు సరిగ్గా కనపడదు. డై పెట్టి రెండు వారాలు దాటినంక పోతే మంచిది, రక్తం కారుతుంటే మాత్రం ఆగకండి.