మిలిటరీ లారీ పరదా కుట్టించే ముందు బట్టకు నీళ్ళు తాగించండి

మీ పాత మిలిటరీ లారీ కాన్వాస్ పరదా చీకిపోయిందని, దాన్నే కొలతకిచ్చి కొత్తది కుట్టించవచ్చా, లేక ఖర్చు తగ్గేలా ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే సరిపోతుందా అని అడిగారు. రెండూ వద్దు. మొదటిది నేను చేసి చూశాను. బట్టకు పెట్టిన డబ్బు, నెల రోజుల శ్రమ ఒక్క వానకు పోయాయి.

మాది శక్తిమాన్. జర్మనీ మాన్ సంస్థ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారై, దశాబ్దాల పాటు మన సైన్యం బరువు మోసిన బండి అది. మా నాన్నగారు దాన్ని వేలంలో కొని, మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలారు. ఆయన పోయిన తరువాత అది మా పొలం దగ్గర చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఇనుము లెక్కన అమ్మేయమని చుట్టాలందరూ చెప్పినా నాకు మనసొప్పలేదు. ఇంజను, బ్రేకులు ఒకటొకటిగా బాగు చేయించి, చివరికి పరదా దగ్గరకు వచ్చాను.

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, పాత పరదాను వాకిట్లో పరిచి, దాని పక్కన కొత్త బట్ట పరిచి, అంగుళం తేడా రాకుండా సుద్దతో గీసి కత్తిరించాము. బట్ట హైదరాబాదులోని ఒక దుకాణంలో కొన్నది. తడిసినా కురచ కాదని దుకాణదారు గట్టిగా హామీ ఇచ్చాడు. కుట్టడం పూర్తయ్యాక కమాన్ల (పరదాను మోసే ఇనుప వంపు కడ్డీల) మీదికి ఎక్కించి తాళ్ళు బిగిస్తే, వేలితో కొడితే డప్పులా మోగింది. ముడత లేకుండా ఎంత బిగువుగా ఉంటే అంత మంచి పని అని అప్పట్లో నా నమ్మకం. మృగశిర ప్రవేశించిన మూడో రాత్రి వాన కుండపోతగా కురిసింది. తెల్లవారి వెళ్ళి చూస్తే వెనుక అంచున పదకొండు ఐలెట్లు (కొక్కెం తగిలించడానికి బట్టకు బిగించే లోహపు వలయాలు) చుట్టూ ఉన్న బట్టతో సహా ఊడి కొక్కేలకు వేలాడుతున్నాయి, ముందు కమాను మీది కుట్టు జానెడు మేర విచ్చుకుంది. టేపు పెట్టి కొలిస్తే 14 అడుగుల పొడవులో 5 అంగుళాలు తగ్గింది. నార తాళ్ళు కూడా తడిసి బిగుసుకోవడంతో బట్టకు ఎటూ సడలే వీలు లేకపోయింది.

పోచంపల్లి మగ్గాలకు ఇంత దగ్గరలో పుట్టిన మనకు పడుగు పేకల (నిలువు, అడ్డం పోగుల) సంగతి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు, కానీ నాకు ఆ రోజు వరకు తోచలేదు. నూలు పోగు నీళ్ళు పీల్చి లావెక్కుతుంది. లావెక్కిన పేక మీదుగా వంగి సాగవలసిన పడుగు పోగుకు పొడవు చాలక బట్ట మొత్తం దగ్గరకు ముడుచుకుంటుంది. పోగులు ఉబ్బి సందులు మూసుకోవడం వల్లనే కాన్వాస్ వానను ఆపుతుంది కాబట్టి, ఈ గుణాన్ని తప్పుపట్టడానికి వీలు లేదు. పాత పరదా ఈ పనంతా ఎప్పుడో ముగించుకుని, ఆపైన కమాన్ల మధ్య జోలెలా సాగి ఉంటుంది. దాన్ని నమూనాగా పెట్టుకుంటే దాని ముప్పై ఏళ్ళ వంకరలన్నీ కొత్త బట్టకు ఎక్కుతాయి, కొత్త బట్ట ముడుచుకోవడం మాత్రం లెక్కలోకి రాదు.

రెండోసారి నల్లగొండలో పూర్వం గుడారాలు కుట్టిన ఒక పెద్దాయనను వెతికి పట్టుకున్నాను. అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. ఆయన చినిగిన పరదాను చేతితో తడిమి చూసి, "సారూ, బట్టకు ముందుగాల నీళ్ళు తాగిపియ్యాలె. మనం తాగిపియ్యకుంటే వాన తాగిపిస్తది" అన్నాడు. కొత్త తానును మా బావి దగ్గరి నీళ్ళ తొట్టిలో రాత్రంతా నానబెట్టించి, పిండనివ్వకుండా గట్టు మీద పరిచి నీడలో ఆరబెట్టించాడు. అలా రెండుసార్లు. ఆ తరువాతే టేపు తీశాడు, అది కూడా పాత పరదా మీద పెట్టడానికి కాదు. ఒక్కొక్క కమాను మీదుగా తాడు వేసి, ఈ చివరి కొక్కెం నుంచి ఆ చివరి కొక్కెం దాకా విడివిడిగా కొలిచాడు. మా బండి వెనుక కమాను ముందుదాని కంటే అంగుళమున్నర దిగి ఉందని అప్పుడే తెలిసింది. అంత జరిగినా పొడవులో ఇంకా రెండు అంగుళాలు వదులు ఉంచాడు. మైనం పట్టించి అమ్మే బట్ట అయితే తొట్టిలో సరిగా నానదు కనుక, పూత లేని బట్ట తీసుకుని, నానబెట్టి, కుట్టిన తరువాత మైనం పూత వేయించడమే సరైన వరుస అని నా అభిప్రాయం. బట్ట చదరపు గజానికి 18 ఔన్సులది, అంటే చదరపు మీటరుకు దాదాపు 610 గ్రాములది తీసుకోండి. అంతకంటే పలుచనిది కమాను రాపిడికి నిలవదు.

ప్లాస్టిక్ పూత టార్పాలిన్ సంగతికి వస్తే, పరదా కుట్టించే లోపు ఒక చలికాలం అది కూడా కప్పి చూశాను. ధనుర్మాసపు తెల్లవారుజామున లోపలికి చెయ్యి పెడితే పైకప్పు అంతా చెమటలా నీటి బొట్లు పట్టి, కమాన్ల వెంట కారి, కొత్తగా వేసిన రంగు కింద తుప్పు మొదలైంది. నూలు బట్టలో గాలి ఆడుతుంది కనుక లోపలి తేమ బయటకు పోతుంది. వాన పడుతున్నప్పుడు లోపలి నుంచి వేలు తగిలిస్తే ఆ చోట కారుతుందన్నది నిజమే, కనుక సామాను బట్టకు ఆనకుండా సర్దుకోవాలి. ఆ చవక ప్లాస్టిక్ టార్పాలిన్ల వల్ల గుడారాలు కుట్టేవారికి పని లేకుండా పోయింది. చాచా కొడుకులు ఇద్దరూ వేరే పనులు చూసుకున్నారు. దబ్బనం పట్టి మందపాటి అంచు కుట్టే చెయ్యి మన జిల్లాలో ఇంకెన్నాళ్ళు దొరుకుతుందోనని నాకు దిగులుగా ఉంది.

ఐలెట్లు ఇత్తడివే వేయించండి. ఇనుపవాటి తుప్పు చుట్టూ ఉన్న నూలును తినేస్తుంది, పరదా మొదట చిరిగేది అక్కడే. ప్రతి ఐలెట్ కింద రెండు మడతల బట్ట ఉండాలి. దారం నూలుది గానీ, లోపల పాలిస్టరు, పైన నూలు చుట్టినది గానీ కావాలి, ఎందుకంటే తడిసినప్పుడు నూలు ఉబ్బి సూది రంధ్రాన్ని మూస్తుంది. చాచా ఆ దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా లాగి మరీ కుట్టేవాడు. కుట్టు దగ్గర రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, పెంకులు పరిచినట్టు పైబట్ట కిందిబట్ట మీదికి వచ్చేలా వేశాడు. ముందు నుంచి వెనుకకు కూడా అదే వరుస, గాలి కుట్టులోకి దూరకుండా. కమాను తాకే ప్రతి చోటా లోపల బెత్తెడు వెడల్పు పట్టీ వేయించుకోవడం మరువవద్దు.

రంగు గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదు. అందుకే నేను బండికి వేరే రంగు వేయించి, పరదాను మట్టి రంగు ఖాకీలో ఉంచాను. పట్టుదలకు పోయి అదే పచ్చ రంగు వేసుకుని రోడ్డెక్కేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

మాసిందని సబ్బు పొడితో ఉతికించవద్దు, పూత పోతుంది. తడిగా ఉండగా మడిచి పెట్టవద్దు, బూజు పడుతుంది. బట్ట తానును నానబెట్టేటప్పుడు రెండు గజాలు ఎక్కువ తీసుకుని దానితోపాటే నానబెట్టించండి. అతుకుకు తడపని కొత్త బట్ట వాడితే అది తరువాత విడిగా ముడుచుకుని, చుట్టూ ఉన్న మంచి బట్టను గుంజేస్తుంది. మా బండిలో ఆ మిగులు ముక్క, దబ్బనం, మైనం ముద్ద డ్రైవరు సీటు కింద ఉంటాయి.