మధ్యతరగతివాళ్ళు పెద్దవాళ్ళను మంచి వృద్ధాశ్రమంలో చేర్చగలరా? ప్రభుత్వం ఏమైనా సాయం చేస్తుందా?

నడవగలిగినంత కాలం చేర్చగలరు. మంచం పట్టాక మామూలు జీతాలవాళ్ళ వల్ల కాదు. మా మేనత్త విషయంలో నేను కళ్ళారా చూసింది చెప్తాను.

ఆవిడకు పిల్లల్లేరు. మావయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి పోయారు. ఆవిడకొచ్చే పీఎఫ్ పింఛను 2,000 కూడా లేదు. బాత్‌రూంలో జారి తుంటి ఎముక విరిగింది. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకెళ్ళేవాళ్ళమే, అందుకని రాజమండ్రి దగ్గర ఒక ఆశ్రమం చూడ్డానికి వెళ్ళాను. నెలకు 14,000 అని ముందే ఫోన్లో చెప్పారు. మేనేజరు కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట, "అమ్మగారు సొంతంగా బాత్‌రూంకి వెళ్ళగలరాండీ?" పట్టుకుని తీసుకెళ్ళాలన్నాను. ఇక అక్కణ్ణుంచి లెక్క మారిపోయింది. పగటి ఆయాకు వేరు, రాత్రి ఆయాకు వేరు, డైపర్లు మనమే తెచ్చివ్వాలి. 32,000 అని చీటీ మీద రాసి నా వైపు తిప్పారు. డిపాజిట్టు లక్ష, ఆస్పత్రి ఖర్చు మనదే.

మంచం పట్టినవాళ్ళ హాలు కూడా చూశాను. అంతమందికీ ఒక్కతే ఆయా. ఒకావిడ నోట్లో అన్నం ముద్ద పెడుతూ, మూల మంచం మీంచి పిలుస్తున్న ఇంకొకావిడకు "వస్తున్నా మామ్మగారూ" అంటోంది. ఆ పిల్లకు సరైన జీతమిచ్చి ఇంకో ఇద్దర్ని పెట్టాలంటే 32,000 కూడా చాలదు. డబ్బు గుంజుతున్నారని మేనేజరును తిట్టి ఏం లాభం?

ఉచితంగా నడిచే చోటా అడిగాను. "దిక్కులేనివాళ్ళకేనండీ, మీరున్నారుగా" అన్నారు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం పెట్టవచ్చని తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టంలోనే ఉంది. పెట్టి తీరాలని మాత్రం లేదు. అదే చట్టం కింద పిల్లల మీద కేసు గెలిచినా భరణం నెలకు 10,000 దాటదు. ఆ డబ్బుతో ఏ ఆశ్రమం మంచంలో ఉన్న మనిషిని చేర్చుకుంటుంది? 70 దాటినవాళ్ళకు కేంద్రం ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుందంటారు. అది ఆస్పత్రిలో చేరితేనే. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఎత్తి కూర్చోబెట్టే మనిషికి అందులోంచి పైసా రాదు.

పార్టీలు పోటీపడేది వృద్ధాప్య పింఛను మీదే. ఆంధ్రలో 2024లో 3,000 నుంచి 4,000 చేశారు, చాలామంచి పని. కేంద్రం మాత్రం తన వాటాగా 80 లోపు వాళ్ళకు ఇంకా 200 దగ్గరే ఆగిపోయింది, అది సిగ్గుచేటు. కానీ ఈ పింఛను ఎంత పెంచినా మంచంలో ఉన్న మనిషిని చూసుకునే ఆయా జీతానికి సరిపోదు. ఆ సంగతి ఒక్క మేనిఫెస్టోలోనూ నాకు కనిపించలేదు.

2024 ఎన్నికల్లో 85 దాటినవాళ్ళు ఇంట్లోనే ఓటేసే వీలు కల్పించారు. అప్పటికే మంచం మీదున్న మా అత్త దగ్గరికి పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియో తీసే అబ్బాయి వచ్చారు. అట్ట అడ్డం పెట్టి, ఓటు వేయించుకుని, కవరు అంటించి తీసుకెళ్ళారు. ఎంతో గౌరవంగా చేశారు. అదే గడపలోకి నెలకోసారి నర్సును పంపడం ఈ ప్రభుత్వాలకు చేతకాదంటే నేను నమ్మను.

చివరికి ఇంట్లోనే పగటిపూట ఒక ఆయమ్మను పెట్టుకున్నాం. నా జీతంలో మూడో వంతు అక్కడికే పోతోంది. మీరు ఆశ్రమాలు చూడ్డానికి వెళ్తే తోట, గుడి, భోజనాల హాలు చూసి సరే అనేయకండి. మంచం పట్టాక నెలకెంతో, రాత్రి ఒక్కో ఆయా ఎన్ని మంచాలు చూస్తుందో అడిగి కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడం కుదరదని వాళ్ళంటే అక్కడ చేర్చకండి.